ఒకే అచ్చులో పోసినట్టుండే చిప్స్: దుంప నుంచి డబ్బా దాకా

ఒంగోలు ట్రంకు రోడ్డు పక్కన నేను తరచూ ఆగే హాట్ చిప్స్ కొట్టు ఒకటుంది. మూకుడు అంచు మీద చెక్కకి బిగించిన బ్లేడు ఉంటుంది. కొట్టు నడిపే బాబాయ్ తొక్క తీసిన దుంపని దాని మీద పెట్టి అరచేత్తో రుద్దుతుంటే ముక్కలు నేరుగా కాగే నూనెలో పడతాయి. పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి చిల్లుల గరిటెతో పైకి తీసిన వాయి మొత్తం గోధుమరంగులో ఉంది. కొన్ని ముక్కల అంచులైతే నల్లబడ్డాయి.

"మాడిపోయాయా బాబాయ్?" అన్నాను.

"మాడలేదమ్మా, ఈ మూట తీపెక్కింది. ఆగ్రా కోల్డ్ స్టోరేజీ సరుకు. మంట ఎంత తగ్గించినా ఇట్టానే వస్తాయి" అని ఆ వాయిని పక్కన పెట్టేశాడు. తర్వాతి దుంపల్ని బకెట్ నీళ్ళలోకి తరిగి, రెండుసార్లు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి వేశాడు. ఈసారి కొంచెం నయంగా వచ్చాయి.

ఆ పక్క బేకరీలోనే పొడుగాటి డబ్బాల్లో ప్రింగిల్స్ అమ్ముతారు. ఏ నెలలో కొన్నా అదే లేత పసుపు రంగు, అదే కోలాకారం, అదే వంపు. ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచులు కలిసిపోతాయి. ఒక్కొక్కటి సుమారు రెండు గ్రాములు తూగుతుంది. దుంపలేమో ఒకటి గుండ్రంగా, ఒకటి పొడుగ్గా, ఒకటి బొడిపెలతో ఉంటాయి. వాటిని ఇంత ఒకే తీరుగా ఎలా కోస్తారని మా ఇంట్లో పిల్లలు అడిగితే చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. అసలు కొయ్యరు అన్నదే జవాబు. ముందు దుంపని పూర్తిగా దుంప కాకుండా చేసి, పిండిగా మార్చి, ఆ పిండిని మళ్ళీ అచ్చులో పోస్తారు.

మన ప్రకాశం జిల్లా వాళ్ళకి ఇది చీమకుర్తి ఉదాహరణతో తొందరగా అర్థమవుతుంది. క్వారీ నుంచి వచ్చిన గ్రానైట్ దిమ్మని రంపం కింద పెట్టి పలకలు కోస్తారు. దిమ్మ ఎంతుంటే పలక అంతే. దిమ్మలో చార ఉంటే పలకలోనూ చార ఉంటుంది. వంకర అంచులు కోసి పారేయాలి. అదే ఇంటి నేలకి వేసే విట్రిఫైడ్ టైల్ సంగతి చూడండి. మట్టినీ రాతిపొడినీ కలిపి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాలుస్తారు. వేల టైల్స్ చేసినా అన్నీ ఒకే కొలత. హాట్ చిప్స్ కొట్టులోది గ్రానైట్ పలక, డబ్బాలోది టైల్. రెంటికీ మూలం బంగాళదుంపే, కానీ పనితనం పూర్తిగా వేరు.

దుంప ఎందుకు మాట వినదు

మన మార్కెట్‌కి వచ్చే బంగాళదుంప (నెల్లూరు వైపు పెద్దవాళ్ళు ఉర్లగడ్డ అంటారు) చాలావరకు బయటి రాష్ట్రాల సరుకే. ఆగ్రా ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన దుంపల్ని కోల్డ్ స్టోరేజీల్లో 2 నుంచి 4 డిగ్రీల దగ్గర నెలల తరబడి ఉంచుతారు. అంత చలిలో మొలక రాదు, కుళ్ళు తగ్గుతుంది. కానీ ఆ చలికి దుంప లోపలి పిండి పదార్థం కొద్దికొద్దిగా చక్కెరలుగా మారిపోతుంది. బాబాయ్ అన్న తీపెక్కడం అదే. కూర వండుకుంటే పెద్దగా తెలియదు. నూనెలో వేస్తే మాత్రం ఆ చక్కెరలు దుంపలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగునీ, చేదునీ తెస్తాయి. ముక్కలు కడిగితే పైపైన ఉన్న చక్కెర కొంత పోతుంది కానీ లోపలిది అక్కడే ఉంటుంది.

ఇందుకే చిప్స్ ఫ్యాక్టరీలకి వెళ్ళే దుంపల్ని అంత చలిలో పెట్టరు. 10, 12 డిగ్రీల దగ్గర ఉంచి, మొలకలు రాకుండా మందు కొడతారు. రకాలు కూడా వేరే. సిమ్లాలోని కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ 1998లో విడుదల చేసిన కుఫ్రీ చిప్సోనా రకాలు ఈ పని కోసం పుట్టినవే. వాటిలో చక్కెర తక్కువ, పొడి పదార్థం ఎక్కువ.

ఇంకో చిక్కు నీళ్ళది. మామూలు దుంపలో దాదాపు 80 శాతం నీరే. తరిగిన ముక్క మిల్లీమీటరుకి కొంచెం పైన మందం ఉంటుంది. అది నూనెలో రెండు మూడు నిమిషాలు వేగేసరికి ఆ నీరంతా ఆవిరైపోయి రెండు శాతం కంటే తక్కువ మిగలాలి. ముక్క నడుమ ఒకలాగా, తొక్క దగ్గర ఒకలాగా నీరు పోతుంది. ఎక్కడ ముందు ఎండితే అక్కడికి ముక్క ముడుచుకుంటుంది. అందుకే ఒక్కో చిప్ ఒక్కో తీరుగా మెలి తిరుగుతుంది. నాలుగు కిలోల దుంపలు వేయిస్తే సుమారు కిలో చిప్స్ వస్తాయి.

మెలి తిరిగిన చిప్స్‌ని సంచిలో పోస్తే మధ్యలో అంతా ఖాళీయే. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినా అడుగున పొడి మిగులుతుంది. సరిగ్గా ఈ ఫిర్యాదుతోనే అమెరికాలో ప్రింగిల్స్ కథ మొదలైంది.

డబ్బా ముందు, చిప్ తర్వాత

1950ల్లో అక్కడి చిప్స్ సంచుల్లో విరిగిపోయేవి, తొందరగా మెత్తబడేవి. సబ్బులతో పాటు వంటనూనెలు కూడా అమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ, విరగని చిప్ చెయ్యమని ఫ్రెడ్రిక్ బార్ అనే రసాయన శాస్త్రవేత్తకి పని అప్పగించింది. 1956 నుంచి 1958 వరకు ఆయన దాని మీదే కూర్చున్నాడు. పిండితో చేసిన, గుర్రం జీను ఆకారపు చిప్, దాన్ని పేర్చే గొట్టం లాంటి డబ్బా, రెండూ ఆయన ఆలోచనలే. ఆకారం కుదిరింది, రుచి కుదరలేదు. పని ఆగిపోయింది. 1960ల మధ్యలో అదే కంపెనీలోని అలెగ్జాండర్ లీపా మళ్ళీ చేతిలోకి తీసుకుని రుచిని దారికి తెచ్చాడు. వేయించే యంత్రాన్ని రూపొందించిన ఇంజనీర్లలో జీన్ వుల్ఫ్ ఒకరు. 1968లో ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో తొలిసారి అమ్మి చూశారు. చిప్స్‌ని అలా పేర్చి ప్యాక్ చేసే పద్ధతికి 1970లో బార్ పేరు మీద పేటెంటు వచ్చింది. 2008లో ఆయన చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మంలో కొంత ప్రింగిల్స్ డబ్బాలో పెట్టి పాతిపెట్టారు. జీవితంలో తాను చేసిన పనుల్లో ఆ డబ్బాని ఆయన ఎంత దగ్గరగా చూసుకున్నాడో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. చిప్ చేసి దానికి డబ్బా వెతకలేదు. పేర్చగలిగితే విరగదు, పేర్చాలంటే అన్నీ ఒకేలా ఉండాలి, ఒకేలా ఉండాలంటే దుంపని కొయ్యకూడదు, పిండి చెయ్యాలి. ఫ్యాక్టరీలో జరిగే ప్రతి పనికీ కారణం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఆ డబ్బా దగ్గరికే చేరతాం.

పులిహోర అన్నం లాంటి పని

దుంపని పిండి చెయ్యడం వినడానికి తేలిక. ఉడికించిన దుంపని మిక్సీలో వేసి చూసినవాళ్ళకి అందులో కష్టం తెలుసు. రెండు తిప్పులకే బంక అయి కూర్చుంటుంది. దుంప నిండా కంటికి కనపడని చిన్న చిన్న కణాలుంటాయి. ఒక్కో కణంలో పిండి గింజలుంటాయి. 60, 70 డిగ్రీల దగ్గర ఆ గింజలు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఆ స్థితిలో బ్లేడు తగిలితే కణాలు పగిలి లోపలి జిగురంతా బయటికి వస్తుంది. ఆ బంకని ఎండబెడితే అట్టముక్క లాంటిది వస్తుంది తప్ప పిండి రాదు.

దీనికి విరుగుడు 1950ల్లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ ఫిలడెల్ఫియా ప్రయోగశాలలో దొరికింది. ఆ పరిశోధనలో ముందున్నవాళ్ళు జేమ్స్ కార్డింగ్, మైల్స్ విల్లార్డ్. వాళ్ళ పద్ధతిలో దుంప ముక్కల్ని మొదట 70 డిగ్రీలకి కొంచెం పైన ఉన్న నీళ్ళలో ఇరవై నిమిషాల పాటు ఉంచుతారు. తర్వాత చల్లటి నీళ్ళలో వేస్తారు. ఆ తర్వాతే ఆవిరి మీద పూర్తిగా ఉడికిస్తారు. చల్లార్చినప్పుడు కణం లోపల ఉబ్బిన పిండి మళ్ళీ బిగుసుకుంటుంది. ఇంక దాన్ని మెదిపినా కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయే కానీ పగలవు, జిగురు కారదు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ పులిహోర గుర్తొచ్చింది. అన్నం వార్చగానే వేడి మీద చింతపండు పులుసు కలిపితే ముద్దవుతుందని, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఫ్యాన్ కింద చల్లార్చి, మెతుకు మెతుకు విడివడ్డాకే కలుపుతుంది. అన్నంలో జరిగేదీ దుంపలో జరిగేదీ ఒకటే. ఉడికిన పిండి చల్లారినప్పుడు బిగుసుకుంటుంది. వండేవాళ్ళకి తరతరాలుగా చేతిలో ఉన్న ఈ తెలివిని ఫ్యాక్టరీ డిగ్రీల్లోనూ నిమిషాల్లోనూ కొలుచుకుంది. మొత్తం తయారీలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించే భాగం ఇదే.

మెదిపిన దుంపని తర్వాత ఎండబెట్టాలి. లోపల ఆవిరి పంపి వేడెక్కించిన పెద్ద ఇనప పీపా నెమ్మదిగా తిరుగుతుంటుంది. దాని ఒంటికి దుంప ముద్దని పల్చగా పూస్తారు. ఒక చుట్టు పూర్తయ్యేలోపు నీరంతా ఆవిరై, కాగితం లాంటి పొర మిగులుతుంది. పెనం మీద అతుక్కున్న దోసెని అట్లకాడతో గీకినట్టు, పొడవాటి కత్తి ఒకటి ఆ పొరని గీకి తీస్తుంది. 80 శాతం ఉన్న తేమ ఇప్పుడు ఏడెనిమిది శాతానికి దిగింది. ఆ పొరని నలిపితే రేకులు, ఇంకా ఆడిస్తే పొడి. ఐదారు కిలోల దుంపలకి ఒక కిలో రేకులొస్తాయి. ఇవి నెలల తరబడి నిల్వ ఉంటాయి. ఏ మూటలో తీపి ఎక్కువ, ఏ మూటలో తక్కువ అని ముందే పరీక్ష చేసి, కలిపి, సగటు రంగు తెచ్చుకోవచ్చు. బాబాయ్‌కి ఆ వీలు లేదు. ఆయన మూకుడులో ఆ రోజు విప్పిన మూటే పడుతుంది.

అప్పడాల పీట మీద

బంగాళదుంప పొడిలో గోధుమపిండిలో ఉన్నట్టు సాగే గుణం లేదు. నీళ్ళు కలిపి వత్తితే చిరుగుతుంది. అందుకే దానికి బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, గోధుమ నుంచి తీసిన స్టార్చ్ లాంటివి చేరుస్తారు. నీళ్ళూ నూనె విడిపోకుండా, పిండి రోలర్లకి అంటుకోకుండా ఎమల్సిఫయర్ అనే పదార్థం కొద్దిగా వేస్తారు. బ్రిటన్‌లో ఒక కేసులో బయటపడిన లెక్క ప్రకారం ప్రింగిల్స్‌లో బంగాళదుంప వాటా సుమారు 42 శాతం. అంటే సగం కంటే తక్కువ. ఆ కేసు సంగతి కింద చెబుతాను.

ఈ పిండి చపాతీ ముద్దలా మెత్తగా ఉండదు, తడిసిన రవ్వలా పొడిపొడిగా ఉంటుంది. బరువైన రోలర్ల మధ్య నుంచి పోనిస్తే అర మిల్లీమీటరు మందంలో పొడవాటి దుప్పటిలా బయటికొస్తుంది. అప్పడాలు వత్తే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఈ పని కొత్తగా అనిపించదు. మినప్పిండిని నూనె చేత్తో బాగా దంచి, సమానంగా ఉండలు చేసి, పీట మీద ఒకే మందంలో వత్తితే వంద అప్పడాలు ఒకే చంద్రుడిలా వస్తాయి. మినుములు ఏ తీరులో ఉన్నా అప్పడం గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే గుండ్రతనం మినుము నుంచి రాలేదు, కర్ర నుంచి వచ్చింది.

దుప్పటి మీద తిరిగే కటింగ్ రోలర్ కోలాకారపు బిళ్ళల్ని కోస్తుంది. మధ్యలో వల లాంటి మిగులు ఉంటుంది. మనం పెద్ద చపాతీ వత్తి గిన్నె మూతతో పూరీలు కోసి, మిగిలిన పిండిని మళ్ళీ ముద్దలో కలుపుకోమూ, అచ్చం అలాగే ఈ మిగులు వెనక్కి వెళ్ళి కొత్త పిండిలో కలుస్తుంది. పాత పిండి మరీ ఎక్కువైతే చిప్ గట్టిపడుతుంది కాబట్టి ఎంత కలపాలన్నదానికి లెక్క పెట్టుకుంటారు.

గులాబీ పువ్వుల ఇనప కడ్డీ

ఇప్పుడు ఆ పచ్చి బిళ్ళని నూనెలో వదిలేస్తే పూరీలా ఉబ్బి, నచ్చినట్టు వంగిపోతుంది. సంక్రాంతికి మన ఇళ్ళల్లో చేసే గులాబీ పువ్వుల్ని గుర్తు తెచ్చుకోండి. పొడవాటి కడ్డీకి పువ్వు అచ్చు ఉంటుంది. నూనెలో వేడిచేసిన అచ్చుని జారుడు పిండిలో ముంచి మళ్ళీ నూనెలో పెడితే, పిండి ఆ అచ్చు ఆకారంలోనే గట్టిపడుతుంది. వేగాక అచ్చు తీసేసినా ఆకారం పోదు. ప్రింగిల్స్ యంత్రంలోనూ ఇదే సూత్రం, కాకపోతే అచ్చులు వందల్లో ఉంటాయి, గొలుసుకి కట్టినట్టు వరసగా కదులుతుంటాయి. కింద జీను ఆకారపు అచ్చు, దాని మీద పచ్చి బిళ్ళ, పైన అదే వంపున్న మూత. అచ్చులకి నిండా చిల్లులుంటాయి. నూనె లోపలికి పోవాలి, ఆవిరి బయటికి రావాలి.

అలా నొక్కి పట్టిన బిళ్ళలు 180, 190 డిగ్రీల నూనెలో మునిగి పదీ పదిహేను సెకన్లలో బయటికొస్తాయి. హాట్ చిప్స్ మూకుట్లో రెండు మూడు నిమిషాలు పట్టే పని ఇక్కడ ఇంత తొందరగా అవడానికి మంత్రమేమీ లేదు. పచ్చి దుంప ముక్కలో 80 శాతం నీరుంటే, ఈ పిండిలో అందులో సగం కూడా ఉండదు. పైగా బిళ్ళ పల్చన, అందులోని పిండి ముందే ఉడికింది. మిగిలిన నీరు పోతే చాలు.

బయటికి రాగానే గాలి ఊది పైనున్న నూనెని దులుపుతారు. ఇది ముఖ్యమైన ఘట్టం, ఎందుకంటే వేపుడు నూనె పీల్చేది ఎక్కువగా మూకుడులో ఉన్నప్పుడు కాదు, పైకి తీసి చల్లారుతున్నప్పుడు. లోపలి ఆవిరి చల్లబడి ఖాళీ ఏర్పడితే ఉపరితలం మీది నూనె ఆ ఖాళీల్లోకి పోతుంది. బజ్జీలు తీయగానే చిల్లుల గరిటెని మూకుడు మీద రెండుసార్లు తట్టడంలో ఉన్న లాభం ఇదే. ఇంత చేసినా ఈ చిప్స్ 100 గ్రాముల్లో 30 గ్రాములకి పైగా నూనే ఉంటుంది. అచ్చులో పోశారు కాబట్టి తేలికైన తిండి అనుకుంటే పొరపాటు. సంచి చిప్స్‌కీ వీటికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఇంక ఆ వంపు. గణితంలో దీన్ని హైపర్‌బోలిక్ పారాబొలాయిడ్ అంటారు. పేరు భయపెట్టినా వస్తువు తెలిసిందే, గుర్రం జీను. ముందూ వెనకా పైకి లేస్తుంది, రెండు పక్కలకీ కిందికి దిగుతుంది. షెడ్డు మీద వేసే రేకుని చూడండి. సాపు రేకు మధ్యలో కుంగిపోతుంది, అలలు తీసిన రేకు మనిషి ఎక్కినా నిలబడుతుంది. వంపు బలాన్నిస్తుంది. అయితే రేకుకి ఒక దిక్కులోనే వంపు, రెండో దిక్కులో సులువుగా వంగుతుంది, ఒకదాని మీద ఒకటి పెడితే ఆ వరస వెంట జారుతుంది. జీనుకి రెండు దిక్కుల్లోనూ వంపే. ఒక చిప్ మీద ఇంకో చిప్ పెడితే అటూ జారదు, ఇటూ జారదు, తనంతట తానే నడిమికి వచ్చి కూర్చుంటుంది. సాపుగా ఉంటే తడి పళ్ళేల్లా అతుక్కుపోయేవి. ఆ తర్వాతి కాలంలో, వేగంగా కదిలే లైను మీద చిప్స్ గాలికి లేచిపోకుండా ఉండాలని ఆ కంపెనీ ఇంజనీర్లు సూపర్ కంప్యూటర్ల మీద గాలి లెక్కలు కూడా వేసుకున్నారు.

ఉప్పూ కారం చల్లేది పైనుంచే. మామూలు చిప్స్‌ని తిరిగే పీపాలో దొర్లిస్తూ మసాలా పడతారు కాబట్టి రెండు వైపులా అంటుతుంది. వీటిని దొర్లిస్తే విరుగుతాయి. అందుకే ఒక్క వైపే రుచి. ఈసారి తిన్నప్పుడు ఒక వైపు, తర్వాత రెండో వైపు నాలుకకి ఆనించి చూడండి, తెలిసిపోతుంది.

తర్వాత పేర్చడం, డబ్బాలో దింపడం, లోపలి గాలిని తీసి నత్రజని నింపి మూత అంటించడం. గాలిలోని ఆక్సిజన్ తగిలితేనే నూనె ముక్క వాసన వస్తుంది, పండక్కి చేసిన జంతికల డబ్బా అడుగున వచ్చే వాసన అది. ఆ డబ్బా విషయంలో మాత్రం నాకు మనసు ఒప్పదు. అట్ట, లోపల అల్యూమినియం పొర, అడుగున లోహపు బిళ్ళ, పైన ప్లాస్టిక్ మూత, ఇన్నీ ఒకదానికొకటి అతికి ఉంటాయి. విడదీయడం కష్టం. 2017లో బ్రిటన్ రీసైక్లింగ్ సంఘం అధినేత తమకి అతి పెద్ద తలనొప్పుల్లో ఈ డబ్బా ఒకటని బాహాటంగానే చెప్పారు. మా వీధికి వచ్చే పాత సామాన్ల బండి అతనికి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, అట్టల్లో వెయ్యాలో ఇనుములో వెయ్యాలో తెలియక తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

చిప్ అవునా కాదా

దుంపని ఇంతగా మార్చేశాక దాన్ని చిప్ అనొచ్చా? అమెరికాలో మామూలు చిప్స్ తయారీదారులు అనకూడదని పట్టుబట్టారు. 1975లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ మధ్యేమార్గంగా, "ఎండబెట్టిన బంగాళదుంపలతో చేసిన చిప్స్" అని పూర్తిగా రాస్తేనే ఆ మాట వాడుకోవచ్చంది. కంపెనీ చివరికి చిప్స్ అనే మాట వదిలేసి క్రిస్ప్స్ అని పెట్టుకుంది.

బ్రిటన్‌లో కథ తిరగబడింది. అక్కడ తిండి సరుకుల్లో చాలావాటికి వ్యాట్ ఉండదు, బంగాళదుంప క్రిస్ప్స్‌కి ఉంటుంది. అందుకని కంపెనీయే కోర్టుకెళ్ళి, మాది క్రిస్ప్ కాదు, ఇందులో దుంప సగం కూడా లేదు, ఈ ఆకారం ప్రకృతిలో ఎక్కడా కనపడదు అని వాదించింది. 2008లో హైకోర్టు ఒప్పుకుంది. 2009లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసి, 42 శాతం దుంప ఉంటే పన్నుకి చాలు అంది. సుమారు 10 కోట్ల పౌండ్ల పన్ను దాని మీద ఆధారపడి ఉంది.

మన దగ్గరా ఇలాంటి తగాదా నడిచింది. అప్పడానికి జీఎస్టీ లేదు. మరి నూనెలో వేయగానే ఉబ్బే పచ్చి గొట్టాలు, చక్రాలు అప్పడాల కిందికి వస్తాయా రావా? 2023 జులైలో జరిగిన 50వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో వీటి మీద పన్నుని 18 నుంచి 5 శాతానికి తగ్గించారు.

పిల్లలు వేళ్ళకి తొడుక్కుని తినే ఆ పసుపు గొట్టాలదీ పిండి కుటుంబమే, కానీ పద్ధతి వేరు. పిండినీ నీళ్ళనీ ఒక గొట్టంలో స్క్రూతో నెడుతూ ఒత్తిడికీ వేడికీ ఉడికిస్తారు. చివర ఉన్న అచ్చులోంచి బయటికి తీసి, కోసి, ఎండబెడతారు. ఇంట్లో వేసుకునే పిండి వడియానికి ఇది పెద్ద తమ్ముడు. గంజిలా ఉడికించడం, ఎండబెట్టడం, కావలసినప్పుడు నూనెలో వేసి ఉబ్బించడం, అన్నీ అవే. ఒత్తిడి ఇంకా పెంచి ఒక్కసారిగా బయటికి వదిలితే లోపలి నీరు ఆవిరై అక్కడికక్కడే పొంగుతుంది. కుర్‌కురే లాంటివి అలా పొంగినవే.

ఈ యంత్రాన్ని నెల్లూరు జిల్లా చెరువుల రైతులు ఇంకో రూపంలో ఎరుగుదురు. చేపలకి వేసే తేలే మేత ఇలా స్క్రూతో నెట్టే యంత్రం (ఎక్స్‌ట్రూడర్) లోనే పొంగి, గాలి నింపుకుని నీటి మీద తేలుతుంది. రొయ్య అడుగున తింటుంది కాబట్టి దాని మేత మునగాలి, అందుకని పొంగనివ్వకుండా ఆవిరి పట్టించి గట్టిగా నొక్కి తీస్తారు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు గట్టు మీద నిలబడి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినప్పుడు, మేత గింజలు ఇంకా గింజలుగానే ఉన్నాయా, కరిగి బురదైపోయాయా అని రైతు మొదట చూసేది అదే. గంటల తరబడి నీళ్ళలో ఆ గింజని పట్టి ఉంచేది కూడా ఉడికిన పిండి జిగురే.

కొట్టులో ఏ పొట్లాం దేనితో చేశారో తెలుసుకోవడానికి వెనక వైపు చూస్తే చాలు. మన దేశంలో దినుసుల్ని బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా రాయాలి. దుంప తరిగి చేసిన చిప్స్ మీద మొదట బంగాళదుంప, తర్వాత నూనె, ఉప్పు ఉంటాయి, మసాలా రకమైతే దాని జాబితా ఉంటుంది. పిండితో చేసినదైతే బంగాళదుంప రేకులు లేదా పొడి, ఆ వెంటే బియ్యప్పిండి, స్టార్చ్, మాల్టోడెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచి చేసే పొడి), ఎమల్సిఫయర్ కనపడతాయి. 471 అనే అంకె కనపడితే అది ఇందాక చెప్పిన ఎమల్సిఫయరే.

చదివే ఓపిక లేని మా చిన్నదానికి నేను ఇంకో దారి చూపించాను. రెండు గిన్నెల్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఒకదాంట్లో బాబాయ్ కొట్టు చిప్, ఒకదాంట్లో డబ్బా చిప్ వేశాం. పది నిమిషాలాగి చెంచాతో కలిపింది. బాబాయ్ చిప్ మెత్తబడి వేలాడింది కానీ దుంప ముక్కగానే పైకి వచ్చింది. రెండో గిన్నెలో జీను లేదు, అడుగున పల్చటి ముద్ద ఉంది. "ఇది పిండి అయిపోయిందే" అంది, చెంచా వాసన చూస్తూ.